ముప్పై అయిదేళ్ల నియమం

2003 జూలై పదో తేదీ, ఉదయం పది గంటల నలభై నిమిషాలు, సన్నని వాన. నేపాల్ పడమటి కొండల్లోని ఒక జిల్లా కార్యాలయంలో, పాస్‌పోర్టు గుమాస్తా కిటికీ ముందు మా ఊరి నర్సు నిలబడి ఉంది. ఆమె వెనకే వరుసలో నేనున్నాను.

"అక్కా, ఇక్కడ మీ ఆయన సంతకం లేదు."

"ఆయన బుట్వల్‌లో ఇంకొకామెతో కాపురం పెట్టి ఆరేళ్లయింది, తమ్ముడూ."

"విడాకులయ్యాయా?"

"లేదు."

"అయితే ఆయనే భర్త. ఆయన ఒప్పుకోవాలి."

"పోయేటప్పుడు ఆయన నన్నడిగి పోయాడా?"

"పోనీ, మీ నాన్నగారి సంతకం?"

"చనిపోయాడు."

"మీ వయసెంత?"

"ముప్పై నాలుగు."

"మరింకేం, పది నెలలు ఆగండి. ఆడవాళ్లకి ముప్పై అయిదు నిండితే ఎవరి సంతకమూ అక్కర్లేదు."

"బ్యాంకాక్‌లో కాన్పుల శిక్షణ మూడు వారాల్లో మొదలు. అయినా పది నెలల్లో నాలో ఏం మారుతుంది?"

"ఆ వయసొస్తే ఎవరూ ఎత్తుకుపోరని కాబోలు!"

"ఛీ! మొన్న మీ ఆవిడకి కాన్పు చెయ్యమని పరుగెత్తుకొచ్చావే, అప్పుడు మా ఆయన్ని అడిగి రమ్మన్నావా?"

"నియమం నేను రాయలేదక్కా. ఒక్కసారి బుట్వల్ వెళ్లిరండి, ఆయన కాదనడు."

"వాళ్ల గుమ్మంలో నిలబడి అడుక్కోవాలా? అసహ్యం. ఆ కాగితాలిటివ్వు."

ఆ శిక్షణకు వేరొకరు వెళ్లారు. 2005లో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని తప్పుపట్టి ఆపమంది. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు నిండాయి.