ఎడమవైపు వెనక చక్రం

హలో… ఆ, నేనే. చెప్పండి బావగారూ… లేదండీ, ఇంకా బట్టల కొట్లోనే ఉన్నా. కుట్టిన యూనిఫారాలు ఇచ్చేసి వస్తానని అక్కకి చెప్పే వచ్చాగా… పాప ఏడుస్తోందా?… మరి? అన్నం తిందా?… అక్క పెట్టిందా. హమ్మయ్య. పాపని వదిలి బయటికొస్తే చాలు, ఫోన్ మోగితే దానికేమైందోననే నాకు. ఇంతకీ ఎందుకు చేశారు?

… ఏంటీ?

… మళ్ళీ చెప్పండి, ఇక్కడ మిషన్ల గోల.

… చక్రం తిరగట్లేదా. మామయ్యగారి కారుదా? అబ్బో. దానికి నన్నడుగుతున్నారా? ఎనిమిదో క్లాసులో బడి మానేసినదాన్ని?… లేదండీ, నవ్వట్లేదు. దగ్గొచ్చింది.

… మా నాన్న ఫోన్ ఎత్తట్లేదా? ఎత్తడు. మెకానిక్ షెడ్డులో బండి కింద పడుకుంటే ఆయనకి ఫోనూ వినపడదు, మేమూ వినపడం… అవును, మసి చేతులతో ఎలా ఎత్తుతాడు. ఆ మసి చేతులతో కారు తలుపు ముట్టుకోవద్దని మీరే అన్నారుగా, నా పెళ్ళైన కొత్తలో… మర్చిపోయారా? నేను మర్చిపోలేదు లెండి.

సరే, చెప్పండి. ఏ చక్రం?

… ఎడమవైపు వెనకది. మిగతా మూడూ తిరుగుతున్నాయి… ఊఁ. పట్టేసుంటుంది. లోపల డ్రమ్ముకి, అదే, చక్రంతో తిరిగే ఇనుప గిన్నెకి, బ్రేకు చెక్క అతుక్కుపోయింది. మామయ్యగారు పోయినప్పట్నుంచీ పదకొండేళ్ళు హ్యాండ్‌బ్రేకు బిగించి షెడ్డులో పెడితే అతుక్కోదా మరి? మా నాన్న ఆ రోజే చెప్పాడు — హ్యాండ్‌బ్రేకు వెయ్యకండి, గేర్లో ఉంచి చక్రం కింద చెక్క పెట్టండని. మీరేమన్నారు? "నాకు ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది" అన్నారు.

… జాగ్రత్త కోసమా! అదే చెప్తున్నా. నెలకోసారి నీళ్ళు పోసి కడిగేవారు. ఆ తడి మీదే హ్యాండ్‌బ్రేకు ఇంకో పన్ను పైకి లాగేవారు, సరిగ్గా పడిందో లేదోనని. కిటికీలోంచి చూసేదాన్ని. కటకట కటకటమని వినపడేది. అంత జాగ్రత్త ఎవరు తీసుకుంటారండీ ఈ రోజుల్లో.

… కోప్పడకండి. కోపంతో చక్రం తిరగదు.

… ఓ, సాయంత్రం మీ కాలేజీ స్నేహితులొస్తున్నారా. కొత్త బ్యాటరీ కూడా వేయించి, కార్లో ఊరంతా తిప్పుతానన్నారా? మాటిచ్చేశారా! బ్రేకులు చూసుకోకుండా మాటొకటి.

ఇంతవరకూ ఏం చేశారు?… నూనె పోశారా. ఎక్కడ?… డ్రమ్ము లోపలికా! అయ్యో, ఏం నూనె?… నా కుట్టుమిషన్ నూనెనా? సీసా మొత్తం?

… బావగారూ. బ్రేకు పెట్టింది పట్టుకోడానికండీ, జారడానికి కాదు. నూనె పోస్తే ఇంకెప్పుడు పట్టుకుంటుందది? ఈమాత్రం మీ డిగ్రీలో చెప్పలేదా… పోనీ లెండి. పోశారుగా. మా నాన్న షెడ్డులో పనికొచ్చిన మొదటిరోజు కుర్రాడు కూడా పొయ్యడు.

హ్యాండ్‌బ్రేకు దించారా?… ఊరికే పైకీ కిందకీ ఊగుతోందా? బిగుతు లేదా?… అయితే కేబుల్ తెగింది. కాలి బ్రేకో?… నేల దాకా పోతోంది. పోతుంది మరి. బ్రేకు ఆయిలు ఎప్పుడో ఎండి ఉంటుంది. అంటే ఆ కారుకిప్పుడు బ్రేకన్నదే లేదు. ఆ ఒక్క చక్రం పట్టేయడం తప్ప.

వినండి. ఒక చెక్కముక్క తీసుకోండి. డ్రమ్ము అంచు మీద పెట్టి సుత్తితో కొట్టండి. ఒకేచోట కాదు, చుట్టూ తిప్పుతూ. గట్టిగా కాదు… ఆ, అలాగే. వినపడుతోంది… ఇంకాస్త పక్కకి… ఇంకాస్త… ఇనుము చెప్తుందండీ. చప్పుడు మొద్దుగా ఉన్నంతసేపూ అతుక్కునే ఉన్నట్టు, ఖంగుమంటే విడిచినట్టు…

… ఆ, మారింది కాస్త. కొట్టండి…

ఆగండి.

ఆ హారనెవరు కొట్టారు?

… బావగారూ, ఆ హారన్ ఎవరు కొట్టారు?

… లోపల కూర్చుందా.

… సరదా పడిందని స్టీరింగు ముందు కూర్చోబెట్టారా. నాలుగేళ్ళ పిల్లని.

సుత్తి కింద పెట్టండి.

… మీరేం మాట్లాడొద్దు. ముందు సుత్తి కింద పెట్టండి… పెట్టారా? కారెక్కడుంది? షెడ్డులోనేనా?

… సగం బయటికొచ్చిందా. ఎలా?… పొద్దున జీపుతో లాగించారా! పట్టేసిన చక్రాన్ని ఈడ్పించారా?… నాకీ మాట ముందే చెప్పాలా వద్దా? షెడ్డులో చదునుగా ఉందనుకుని నేను కొట్టమన్నానండీ! అంటే ఇప్పుడు వాలు మీద ఉంది. ముందు భాగం రోడ్డు వైపు. గేర్లో ఉందా?… లేదు. చక్రాల కింద ఏమైనా పెట్టారా?

… ఏంటీ? "పదకొండేళ్ళు కదల్లేదు, ఇప్పుడెక్కడికి కదుల్తుంది" అంటారా? కదలాలనే కదండీ మీరు కొడుతున్నది!

అరవట్లేదు. చూడండి, అరవట్లేదు నేను. కొట్లో అందరూ చూస్తున్నా అరవట్లేదు. జాకీ పెట్టి లేపారా ఆ చక్రాన్ని?… లేపలేదు. జాకీ తుప్పు పట్టిందా? మంచిదైంది. లేపుంటే ఈపాటికి మిగతా మూడు చక్రాల మీద దొర్లిపోయేది…

ముందు చక్రాల కింద అడ్డం పెట్టండి. రోడ్డు వైపు నుంచి. కారు ఎదురుగా నిలబడకండి, పక్కనుంచి తొయ్యండి… ఇటుకలా? ఇటుక పిండైపోతుంది. షెడ్డు మూల సిమెంటు దిమ్మలున్నాయి, నేను చీపురు పెట్టేచోట… రెండూ తెండి… మోకాళ్ళ నొప్పా? సాయంత్రం స్నేహితులకి చెప్పుకోండి.

… పెట్టారా? రెండు వైపులా? కాలితో తన్ని చూడండి… ఊఁ.

ఇప్పుడు మెల్లిగా తలుపు తియ్యండి… తీయరాదా? పైగా దాన్ని కుదుపుతున్నారా! ఆపండి. కారు ఊపకండి. అద్దం దించి ఉందా?… అయితే ఫోన్ పాప చెవి దగ్గర పెట్టండి.

… బంగారూ. అమ్మని… ఆ, కారు నడుపుతున్నావా? ఎంత దూరమొచ్చావ్?… అమ్మో, అంత దూరమే! అయితే ఇక దిగాలి తల్లీ. కిటికీలోంచి. పెదనాన్న ఎత్తుకుంటారు, రెండు చేతులూ చాపు… హారన్ తర్వాత కొడదువుగాని. వద్దమ్మా, ఆ కర్ర ముట్టుకోకు, గేరది. ముట్టుకోకు. బంగారుకొండవి కదూ. చేతులు చాపు… చాపావా?

… హలో? ఎవరు? బావగారా? ఏమైంది?

… ఎత్తుకున్నారా? కాళ్ళు బయటికొచ్చాయా? చెప్పు జారిపోతే పోనివ్వండి, చెప్పు కోసం వంగకండి! ముందు ఇవతలికి రండి. గుమ్మం దాకా రండి…

వచ్చారా. గుమ్మంలోనే ఉన్నారా.

… ఏంటా చప్పుడు?

… హలో?

… బావగారూ! పాప ఎక్కడుంది? ఒక్కమాట చెప్పండి, పాప ఎక్కడుంది?

… మీ భుజం మీదే. సరే. సరే… సరే.

… దిమ్మ ఎక్కేసిందా. రెండోదాన్ని పక్కకి నెట్టేసి పోయిందా. ఎవరూ కొట్టకుండానే విడిపోయిందా?… ఎవరూ కొట్టకుండా ఏంటండీ, ఇంతసేపూ మీరు కొట్టారు, నేను కొట్టించాను. మీ నూనె దాని పని అది చేసింది. ఎదురు గోడకి కొట్టుకుందా. రోడ్డు మీద ఎవరైనా?… చూడండి. సరిగ్గా చూడండి… ఎవరూ లేరు. దేవుడా.

… దీపాలు పగిలాయా. ముందు రేకు లోపలికి పోయిందా… ఏడుస్తున్నారా మీరు? రేకు కోసం ఏడుస్తున్నారా?

… మీ నాన్నగారి కారే. కాదన్లేదు. స్టీరింగు ఎక్కడికొచ్చిందో చూశారా?… వెళ్ళకండి, అక్కడే నిలబడి చూడండి. సీటు దాకా వచ్చిందా. ఆఁ. పాప కూర్చున్న సీటు దాకా.

… ఇప్పుడు కూర్చోండి. గుమ్మంలోనే కూర్చోండి. ఊపిరి పీల్చుకోండి.

… తప్పు మీదొక్కరిదే కాదు. కొట్టమంది నేనేగా. ఎక్కడుందని అడక్కుండా, కింద ఏం పెట్టారని అడక్కుండా కొట్టమన్నాను. మీమీద నాలుగు మాటలు విసిరే సరదాలో పడ్డాను. మా నాన్నైతే అడగందే సుత్తి ముట్టనివ్వడు.

… ఆయనకి చెప్పొద్దా? మీ తమ్ముడికి? ఎందుకు చెప్పనండీ. మీకు డిగ్రీ ఉందని చెప్తా, నాకు లేదని చెప్తా, మనిద్దరం కలిసి చేసింది చెప్తా.

… క్షమించమంటారా. నన్ను కాదు. పాపని అడగాలి, దానికింకా ఏం జరిగిందో తెలీదు లెండి.

బయల్దేరా. దార్లోనే ఉన్నా, నడుస్తూనే మాట్లాడుతున్నా. నేనొచ్చేదాకా పాపని కిందికి దించొద్దు. కారు దగ్గరికెళ్తానంటుంది, హారన్ కొడతానంటుంది…

… అప్పుడే దిగుతానని గింజుకుంటోందా, మీకాగట్లేదా? అయితే మీరొద్దు. అక్కని పిలవండి… అక్కా? ఆ, నేనే. నువ్వు ఎత్తుకో. ఆయన చేతుల్లోంచి తీసేసుకో… తీసుకున్నావా? గట్టిగా పట్టుకున్నావా?… పట్టుకునే ఉండు. పెట్టేస్తున్నా, పరిగెత్తాలి.