ఊదేస్తున్న ఊపిరి

ఆసుపత్రిలో పిల్లల వార్డు. మంచం మీద తొమ్మిదేళ్ల కూతురు. పక్కన తల్లి, నర్సు.

"ఆ ఎగరొప్పు చూడలేకపోతున్నాను సిస్టర్! ఆగడానికి ఏదైనా ఇవ్వండి."

"ఆపకూడదమ్మా. ఇప్పుడు పాపని కాపాడుతున్నది ఆ ఆయాసమే."

"ఆయాసం కాపాడ్డమేంటండీ!"

"ఇన్సులిన్ అందక ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటోంది. దాంతో రక్తంలో ఆమ్లం పేరుకుపోయింది. దాన్ని విరిచే క్షారం కూడా రక్తంలోనే ఉంటుంది. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది ఊపిరితో బయటికి పోయేకొద్దీ ఇంకాస్త ఆమ్లం విరుగుతుంది. పోకపోతే ఎక్కడిదక్కడే."

"అంటే... ఊదేస్తోందా?"

"అవును. ఆమ్లాన్ని ఊదేస్తోంది. రక్తం పీహెచ్ ఏడు పాయింట్ నాలుగు ఉండాలి. పాపకి ఏడే ఉంది."

"పాయింట్ నాలుగేగా తేడా!"

"ఆ లెక్కలో పాయింట్ నాలుగు తగ్గిందంటే ఆమ్లం రెండున్నర రెట్లయిందని. ఇంతకీ ఇన్సులిన్ ఎన్ని రోజులు మానేశారు?"

"ఈ సెలైన్ సరిగ్గా ఎక్కుతోందా?"

"ఎక్కుతోంది, ఇన్సులిన్ కూడా. ఎన్ని రోజులు?"

"దానికి సూదంటే భయమండీ. ఒకటే గోల..."

"ఎన్ని రోజులమ్మా?"

"మూడు... కాదు, నాలుగు. నన్నలా చూడకండి."

"నేనేం చూడట్లేదు. పాపని చూడండి. పక్క మంచానికి వెళ్లొస్తా."

"సిస్టర్! సిస్టర్! ఇటు రండి, ఇన్ని గంటలకి ఆయాసం తగ్గింది! హాయిగా నిద్రపోతోంది నా తల్లి."

"లేపండి."

"పాపం, పొద్దుట్నుంచీ కంటిమీద..."

"లేపండమ్మా! అలిసిపోయి తగ్గిందంటే ఇంక ఊదే ఓపిక లేదని! డాక్టరుగారూ, నాలుగో మంచం!"

"పిట్టా! ఒసే పిట్టా, కళ్లు తెరవవే! పలకట్లేదండీ, పలకట్లేదు!"

"ఆ చెయ్యి వదలండి, డాక్టరుగారొచ్చేలోపు రక్తం తియ్యాలి."

"నేనే... నేనే చేశాను దీన్నిలా..."

"తర్వాత ఏడుద్దురు గాని. మెషీన్ రెండు నిమిషాల్లో చెప్తుంది."

"ఎంతసేపండీ! ఏమొచ్చింది?"

"ఉండండి... ఏడు పాయింట్ రెండు."

"అంటే? పోయిందా? నా బిడ్డ పోయిందా?"

"పెరిగిందమ్మా! ఆమ్లం దిగుతోంది. అందుకే ఆయాసం తగ్గింది. అదుగో, కళ్లు తెరిచి సూది గుచ్చిన చోటు చూసుకుంటోంది. మాట్లాడించండి."

"పిట్టా! నా తల్లే! భయపడకే. సూదంటే నీకు భయమని తెలుసు..."

"నాకేం భయం లేదమ్మా. నీకే చెయ్యి వణుకుతుంది. రేపట్నుంచి నేనే పొడుచుకుంటాలే, నువ్వు అటు తిరుగు."