పెరట్లో ఫోను

"ఆగస్టు పదకొండు. ఆ పొద్దు ఉగ్గాని తినింది, బజ్జీలు కూడా. అది కడుపు నిండా తినింది అదే ఆఖరు."

"కుక్కకు బజ్జీలు పెట్న్యావా శెట్టీ?"

"నేను యాడ పెట్టినా నూరూ. కన్యక పెట్టింది. మర్సనాడు పొద్దున ఆమె లేవల్యా."

"ఊఁ. గుర్తుండాది."

తాడిపత్రి నుంచి విడపనకల్లు పోయే దారి. వ్యాను నడుపుతున్నది నూర్ అహమ్మద్. పక్కన అతని చిన్ననాటి స్నేహితుడు, కన్యక భర్త, బట్టల అంగడి సోమశేఖర్ శెట్టి. వెనక సీట్లో, కిటికీలోంచి మూతి బయట పెట్టి, కుక్క.

"అప్పట్నుంచి నాలుగు మెతుకులు ముట్టి మూతి తిప్పుకుంటాది. జిమ్మీ అంటే పలకదు. దా అంటే రాదు. పో అంటే అసలే పోదు."

"డాక్టరుకు చూపించల్యా?"

"చూసినాడు. ఒంట్లో ఏం ల్యా, దిగులంతే అన్న్యాడు. అందుకే మా సునంద వదినె దగ్గర ఇడ్సి రావల్లని. కన్యకకు సొంత అక్క. గొంతు కూడా అట్లనే ఉంటాది. ఆమె దగ్గరైనా తింటాదేమో."

"ఇడ్సిపెట్టినాంక నువ్వు ఇంట్లో ఎవురితో మాట్లాడ్తావు?"

"టీవీ ఉండాది."

"టీవీ నీ మాట వింటాదా?"

"ఇది మాత్రం వింటాండాదా? అరే, సిమెంటు లారీ! సైడియ్యప్పా!"

"ఇచ్చినా లే. లారీలు తోలి తోలి ముసిలోడైనోనికి నువ్వు చెప్తావా, బీకాం శెట్టీ? అదిగో, మీ జిమ్మి గాలిమరల్ని చూసి మొరగతాంది."

"మొరిగిందా! మొరిగింది చూడు నూరూ. ఈ పొద్దుకు అది చాలు."

"నాకు చాలదు. ఆకలైతాంది. అదిగో హోటలు, ఆపుతాండా."

గుంతకల్లు దాటాక రోడ్డు పక్క రేకుల హోటలు. నడిపేది ఒక నడివయసు ఆమె.

"ఏం కావల్లన్నా?"

"రెండు ఉగ్గాని పెట్టమ్మా. ఇంగొగటి ఆకులో వెయ్యి, కుక్కకు."

"ఇదో, వేడిగుండాది. చూసుకోని పెట్టు."

"జిమ్మీ, దా. తిను. తినవే తల్లీ... చూసినావా నూరూ, మూతి తిప్పుకునింది."

"అట్ల బతిమాలితే తింటాదా! ఇట్లియ్యన్నా. బా పుట్టీ, బా. తిన్ను. తిన్ను మరీ."

"శెట్టీ! తోక! తోక చూడు!"

"తింటాంది... నూరూ, తింటాంది ఇది!"

"ఆకు కూడా తింటాంది. ఏం మంత్రమేసినావమ్మా?"

"మంత్రమేందన్నా, 'బుజ్జీ, దా, తిను' అని కన్నడంలో పిలిసినా. మాది బళ్లారి. మీ కుక్కది యా ఊరు?"

"తాడిపత్రి! మా పెరట్లోనే పుట్టింది, పెరిగింది. దీనికి కన్నడం యాడిది?"

"నన్నడిగితే? మీ ఇంట్లో ఎవురన్నా మాట్లాడ్తాంటారు."

"ఎవురూ ల్యా. నా భార్యది బళ్లారే గానీ నాతో తెలుగే. సాయంత్రమైతే పెరట్లో కూచ్చోని వాళ్లక్కతో ఫోన్లో కన్నడం మాట్లాడ్తాండె. నవ్వడమూ, కోప్పడడమూ... నేను లోపల పేపరు చదువుకుంటా వింటాంటి. అక్కాచెల్లెండ్ల మాటలు మనకెందుకు అని."

"అయితే వాళ్లక్కనే అడుగు శెట్టీ. ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు."

"హలో, వదినె. దార్లో ఉండాం. ఒగ మాట. కన్యక నీకు రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాండె గదా?"

"రోజూనా? యాడ మరిదీ! ఆదివారం ఒగ తూరి. అదీ నేను చేస్తేనే."

"మరి పెరట్లో..."

"శెట్టీ, పెరట్లో ఆమెతో ఇంకెవురుండిరి?"

"ఇదుండె. అంటే ఫోన్లో గాదు, దీంతోనా మాట్లాడ్తాండె!"

"మరిదీ, పుట్టి బాగుండాదా?"

"పుట్టి ఎవురు వదినె?"

"మీ కుక్కే గదా! పుట్టి ఇట్ల చేసింది, పుట్టి అట్ల చేసింది అని చెప్తానే ఉండె. దానికి వసారాలో గోనెపట్ట కూడా వేసి పెట్టినా."

"నేను జిమ్మీ జిమ్మీ అని అరుస్తాండా నూరూ. యాడ పలుకుతాది పాపం!"

"నీ మీద సాడీలన్నీ వినుంటాది శెట్టీ. ఇంగ మర్యాదగా ఉండు దాని దగ్గర."

"నవ్వు, నవ్వు. వదినె, ఇంగొగటి. రాత్రి పెరటి తలుపేసేటప్పుడు రోజూ ఒగ మాట అంటాండె. నీకు చెప్పి ఫోన్ పెట్టేస్తాంది అనుకుంటాంటి. 'మలక్కో, అవరూ మలక్కొండ్రు' అని."

"'పండుకో, ఆయనా పండుకున్యాడు' అని."

"యాడ పండుకున్యా వదినె. కండ్లు మూసుకోని ఆ మాట కోసమే వింటాంటి."

"ఆ సంగతి ఆమెకు తెలీదు పాపం."

"వదినె, ఇంగో మాట అడగల్ల."

"అడుగు మరిదీ."

"'ఆమె కూడా పండుకునింది' అనల్లంటే ఎట్ల?"

"'అవళూ మలక్కొండ్ళు'. ఎందుకు?"

"ఊరికే. వస్తాండాం. ఈ రాత్రికి మీ ఇంట్లోనే ఉంటాం. పొద్దున్నే ముగ్గురమూ ఎనిక్కి పోతాం. ఈలోపల నాకు నాలుగు మాటలు నేర్పియ్యల్ల నువ్వు."

"ముగ్గురా? మరి కుక్క?"

"దాన్ని లెక్కేసే చెప్తాండా."

విడపనకల్లు. సునంద ఇల్లు. భోజనాలైనాయి. కుక్క వసారాలో గోనెపట్ట మీద ఉంది.

"శెట్టీ, రాప్పా. ఇంగ పండుకుందాం."

"నువ్వు పండుకో నూరూ. తలుపేసి వస్తా."

"చప్పుడు చెయ్యాకు. లేస్తాది."

"లే, మెల్లగానే వేస్తాండా... మలక్కో పుట్టీ. అవళూ మలక్కొండ్ళు."