సిస్టర్ మోర్విద్ ప్రోసర్ గారి తెల్ల ఊలు

ఈరోజు పదవీ విరమణ చేస్తున్న సిస్టర్ మోర్విద్ ప్రోసర్ గారు ఉదయం ప్రసూతి వార్డులో తమ సంచి సర్దుకుంటుండగా నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఆ సంచి మీద నాకు మొదటినుంచీ అనుమానమే. 1961 సెప్టెంబరు 4న వారు వేల్స్ గనుల లోయలోని మా ఆసుపత్రిలో కాన్పుల నర్సుగా చేరిననాడు కూడా అదే సంచి, అందులో తెల్ల ఊలు. నేను అప్పుడు ఇక్కడి లాండ్రీలో పనిచేసేదాన్ని. కాన్పుల గదిలో ఊలుతో ఏం పని?

ఆ రోజుల్లో మా లోయలో పుర్రె మూసుకోకుండానో, వెన్ను తెరుచుకునో పుట్టే పసికందులు ఎక్కువ. బతకదని తెలిసిన బిడ్డను తల్లి కంటపడనివ్వకుండా దుప్పటిలో చుట్టి తీసుకుపోయి, ఎవరిదో పరాయి శవపేటికలో కాళ్ల దగ్గర పెట్టి పూడ్చడం ఆచారం. దాన్ని దయ అనేవారు.

ఆ శీతాకాలం గని కార్మికుడి భార్య నెస్టా హాప్కిన్‌కు అలా పుర్రె మూసుకోని ఆడపిల్ల పుట్టింది. బిడ్డను చూపమని ఆమె అడుగుతూనే ఉంది. సిస్టర్ గారు సంచితో, పాపను ఉంచిన పక్కగదిలోకి వెళ్లడం చూసి వెంట నడిచాను.

"ఏంటి ఓల్వెన్, సంచిలో దూరేట్టున్నావే?"

"పాపను అందులో పెట్టుకుపోతారేమోనని."

"పోను గానీ, ఇది పట్టుకో."

ఊలు టోపీ. కనుబొమల దాకా దిగేంత లోతుగా అల్లారు. అంతలో డాక్టరు గారు అడ్డొచ్చారు.

"చూస్తే ఆవిడ తట్టుకోలేదు సిస్టర్."

"చూడనివాళ్లు తట్టుకున్నారని ఎవరు చెప్పారండీ? ఇదిగో ఓల్వెన్ ఉందిగా, అడగండి."

నా సంగతి వారికెవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. డాక్టరు గారు నా ముఖం చూసి పక్కకు తప్పుకున్నారు.

నెస్టా ఆ మధ్యాహ్నమంతా బిడ్డను ఒడిలో ఉంచుకుంది. "గడ్డం అచ్చం వాళ్ల నాన్నదే, మొండిది," అని కాస్త నవ్వింది కూడా.

తర్వాత సిస్టర్ గారు వార్డుకు పెద్ద నర్సయ్యారు. కడుపు పండకముందే ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టమని ఈమధ్య ఇంటింటికీ తిరిగి చెప్పారు. మాత్రకు వెన్ను మూసుకుంటుందా అని నేను సందేహిస్తే, "నువ్వు టీ కూడా వాసన చూసిగానీ తాగవు," అన్నారు. టోపీల అవసరం తగ్గుతున్నందుకు అందరికంటే సంతోషించినవారు వారే.

ఊలు, అల్లిక సూదులు వార్డు బీరువాలోనే ఉంచి వెళుతున్నానన్నారు. తలుపు తీసి చూశాను; ఉన్నాయి.

సిస్టర్ గారు ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలని కోరుకుంటున్నాను. అప్పుడప్పుడు వచ్చి కనిపిస్తానంటున్నారు. వెళ్లేవాళ్లు అందరూ అనే మాటే అది. 1953 మార్చి 9న, ఇప్పుడే తెస్తామని చెప్పి, అప్పటి నర్సులు నేను కన్న కూతురిని ఇదే వార్డు నుంచి దుప్పటిలో తీసుకువెళ్లారు. ఆ బిడ్డ తిరిగి రాలేదు.