ఇంజను నాడి ఎరిగిన షేక్ నాసర్ గారు

1957 జూలై ఒకటో తేదీ సోమవారం ఉదయం శ్రీ షేక్ నాసర్ గారు నందిగామలోని మన విద్యాశాఖ కార్యాలయంలో డ్రైవరుగా విధుల్లో చేరారు. ఇరవై తొమ్మిది సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ 1986 జూన్ ముప్పైన వారు పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, వారి ఉద్యోగ జీవితాన్ని స్మరించుకోవడం సహోద్యోగులందరికీ ఆనందదాయకం, కర్తవ్యం కూడా.

గరికపాడులో జన్మించిన నాసర్ గారి చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆపైన బెజవాడ లారీ షెడ్లలో పనిచేస్తూ ఇంజనును విప్పడం, బిగించడం, అన్నిటికన్నా ముఖ్యంగా దాని చప్పుడు వినడం నేర్చుకున్నారు. ఉద్యోగంలో చేరాక తొలి పదిహేనేళ్లు కార్యాలయపు జీపు నడిపి, వానాకాలంలో ఎడ్లబండ్లు సైతం దిగబడే నల్లరేగడి దారుల్లో, పాఠశాలల తనిఖీకి వెళ్లే అధికారులను వేళకు చేర్చారు. 1972లో పై కార్యాలయం వారు వాడి విడిచిన అంబాసిడర్ కారు మనకు వచ్చింది. ఏడాది తిరగకుండా పాతసామాన్ల కొట్టుకు పోతుందని అందరూ తలపోసిన ఆ వాహనం, నాసర్ గారి చేతి చలవ వల్ల మరో పదకొండేళ్లు నడిచింది.

ఈ వ్యాసం సంగతి తెలిసి వారు ఒకే ఒక్క షరతు పెట్టారు. "నవాబుపేట రోడ్డు మీద జరిగింది రాస్తే నా తప్పు కూడా రాయాలండి. లేదంటే అసలు రాయొద్దు" అన్నారు. వారి మాట మన్నించి ఆ ఉదంతాన్ని ఉన్నదున్నట్టు పొందుపరుస్తున్నాం.

అది 1979 మార్చి నెల. పదో తరగతి లెక్కల పరీక్ష రోజు. సీలు వేసిన రెండు ప్రశ్నపత్రాల ట్రంకులతో జూనియర్ అసిస్టెంటు శ్రీమతి రత్నమణి గారు, నాసర్ గారు నడిపే ఆ అంబాసిడర్ కారులో జగ్గయ్యపేట బయలుదేరారు. అప్పటికి ఆమె ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలే. పేటలో మూడువందల మంది విద్యార్థులు తొమ్మిది గంటలకు పరీక్షకు కూర్చోవాలి. ఏడూ నలభై అయిదుకు, నవాబుపేట దాటాక, కారు తుపాకీ పేలినట్టు రెండుసార్లు పేలి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ఇంజను ఎదురు తన్నిందే తప్ప అందుకోలేదు.

నాసర్ గారు బానెట్టెత్తి, స్పార్కు ఏ క్షణాన పడాలో నిర్ణయించే డిస్ట్రిబ్యూటరును పట్టుకుని చూశారు. కదలకూడని ఆ వస్తువు చేతిలో సీసా మూతలా తిరిగింది.

"టైమింగ్ పోయిందమ్మా. నిన్న సాయంత్రం పాయింట్లు మార్చింది నేనే. మధ్యలో ఎవరో పిలిస్తే లేచెళ్లా. దీన్ని పట్టి ఉంచే బోల్టు గట్టిగా బిగించలా."

అంతలో ఒక లారీ ఆగింది. "ట్రంకులు ఎక్కించండి, పేటలో దింపేస్తా" అన్నాడు లారీ డ్రైవరు. ప్రశ్నపత్రాలు ప్రైవేటు వాహనమెక్కరాదని ఉత్తర్వు. ఎక్కించకపోతే పరీక్షే ఆగవచ్చు. రత్నమణి గారు ట్రంకుల కేసీ, లారీ కేసీ మార్చిమార్చి చూశారు.

"ఇరవై నిమిషాలివ్వండమ్మా. అప్పటికీ కదలకపోతే ఇంకో లారీ ఆపి ఎక్కించండి. సంజాయిషీ నేనిచ్చుకుంటా" అన్నారు నాసర్ గారు. ఆమె లారీని పంపించేశారు. పంపిన మరుక్షణమే తప్పు చేశానా అని ఆమెను సందేహం పట్టుకుంది.

నాసర్ గారు స్విచ్చి ఆపి, ముందరి ప్లగ్గు విప్పారు. "కొంగు నాలుగు మడతలేసి ఈ బెజ్జం మీద నొక్కిపట్టండమ్మా. లోపల్నించి గాలి తన్నగానే చెప్పండి" అని, ముందుకెళ్లి ఇంజనును చేత్తో తిప్పే హ్యాండిలు మెల్లగా తిప్పసాగారు. కాసేపటికి ఆమె వేలి కింద ఊపిరి వంటిదేదో వెచ్చగా పొంగి కొంగును పైకి నెట్టింది. చచ్చిపోయిందనుకున్న ఆ ఇనుపముద్దలో అంత బలముందని ఆమె ఊహించలేదు. "తన్నింది!" అని అరిచారు. నాసర్ గారు వంగి, హ్యాండిలు మరికాస్త తిప్పి, ఇంజను ముందు కిందనున్న చక్రం మీది గుర్తును దాని ఎదుటి సూది మొన దగ్గరకు తెచ్చి ఆపారు.

"పల్చటి కాగితం ఏమన్నా ఉందామ్మా?"

టైపు నకళ్లకు వాడే కాగితం ఆమె ఫైల్లో ఉంది. దాని ముక్కను డిస్ట్రిబ్యూటరు లోపల, కలుస్తూ విడివడుతూ స్పార్కు పుట్టించే పాయింట్ల నడుమ ఉంచి, ఒక చేత్తో సుతారంగా లాగుతూ, రెండో చేత్తో డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, వారు కళ్లు మూసుకున్నారు. రోడ్డు మీద బస్సులు హోరెత్తుతున్నా ఆ మనిషి చుట్టూ నిశ్శబ్దం గూడు కట్టినట్టు ఆమెకు తోచింది. చినగకుండా, నలగకుండా కాగితం చేతిలోకి జారివచ్చింది.

"ఇదిగో, ఇక్కడే విడివడ్డయ్. స్పార్కు పడాల్సింది ఇక్కడే."

బోల్టు బిగించారు. మళ్లీ బిగించారు. ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి హ్యాండిలు ఒక్క తిప్పు తిప్పగానే ఇంజను అందుకుంది. టైమింగ్ సరిచూసే మీటరు లేదు, దీపం లేదు. కాగితం ముక్కతో, కళ్లు మూసుకుని ఒక మనిషి ఆ పని చేయగా చూసిన రత్నమణి గారు నేటికీ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెబుతారు. ఎనిమిదీ ముప్పై అయిదుకు ట్రంకులు పరీక్షా కేంద్రం చేరాయి.

ఎవరికీ ఏమీ తెలియలేదు. అయినా ఆ మధ్యాహ్నమే నాసర్ గారు రత్నమణి గారి చేత తన తప్పును కాగితం మీద రాయించి, సంతకం చేసి, నాటి కార్యాలయాధికారి శ్రీ జగన్నాథరావు గారి ముందుంచారు.

"పాత కారు, దారిలో ఆగింది అంటే పోయేదిగా! ఇదెందుకయ్యా?" అన్నారాయన.

"తప్పు నాదైతే కారు మీదకు నెట్టడమేంటండి? దానికి నోరు లేదు గదా."

జగన్నాథరావు గారు నాసర్ గారి సర్వీసు రిజిస్టరు తెప్పించి, బోల్టు విషయంలో అజాగ్రత్తకు హెచ్చరికను, దాని కిందనే విధి నిర్వహణలో అసాధారణ నైపుణ్యానికీ సత్యసంధతకూ ప్రశంసను, రెండింటినీ స్వహస్తంతో రాసి, రెండింటి కిందా సంతకం చేశారు. ఒకే తేదీన, ఒకే పుటలో నిలిచిన ఆ రెండు వాక్యాలను చూసినప్పుడల్లా మన కార్యాలయంలో చేతులు వాటంతటవే జోడింపబడుతుంటాయి.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఇతరులను వేళకు చేర్చడమే తమ వ్రతంగా జీవించిన నాసర్ గారు, ఇకపై ఏ గడియారానికీ కట్టుబడనక్కరలేకుండా, సహధర్మచారిణి అమీనాబీ గారితోనూ, కుమార్తె వాజిదాతోనూ, పొద్దెక్కేదాకా తీరిగ్గా కబుర్లాడుకుంటూ, తరగని ఆరోగ్యంతో, నిబ్బరమైన మనసుతో, నూరేళ్లూ నిండుగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాం.