డ్రాయింగులో గీయని బోర్డు

నా పేరు నేతల కృపావరం. తండ్రి పేరు ఏసుబాబు, లేరు. వయసు యాభై నాలుగు. తాడేపల్లిగూడెంలో ఏలూరు రోడ్డు పక్కన మోటారు వైండింగు షాపు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. ఈ రోజు 28-8-2025, గురువారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకి మేజిస్ట్రేటు మేడమ్ గారి ముందు చెబుతున్నాను. ఇవాళ నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ బెదిరించలేదు. చెప్పింది నాకే ఎదురు తిరగొచ్చని మేడమ్ గారు రెండుసార్లు హెచ్చరించారు. తిరగనివ్వండి అన్నాను.

చేపల చెరువుల సంగతి మేడమ్ గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ముసురు పట్టి ఎండ లేకపోతే చెరువు నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఏరేటర్లు వెయ్యాలి, అంటే మోటారుతో తిరుగుతూ నీటిని చిలికే రెక్కల చక్రాలు. ఎవరో ఒకరు కాపలా కూర్చుని స్విచ్చి వెయ్యాలి. నా బాక్సు నీళ్ళలో ప్రాణవాయువుని తనే కొలిచి, తనే మోటార్లు వేస్తుంది. ఏడేళ్ళు పట్టింది చెయ్యడానికి. పదో తరగతి తప్పినవాడికి పేటెంటేంటని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు అడిగితే ఇప్పటికీ చెబుతాను.

కొల్లేరు వైపు కరెంటు పోతుంది, వస్తుంది. వచ్చినప్పుడు వోల్టేజీ సగమే ఉంటుంది. ఆ సగంలో ఆరు మోటార్లూ ఒక్కసారే లేస్తే వైండింగు, అంటే లోపల చుట్టిన తీగ, కాలిపోతుంది. అందుకని నా బాక్సులో చిన్న బోర్డు ఒకటి పెట్టాను. అది వోల్టేజీ కుదుటపడేదాకా ఆగి, మోటార్లని ఒకదాని తరవాత ఒకటి లేపుతుంది. దాని మీద నల్ల ఎపాక్సీ జిగురు పోసి గడ్డకట్టిస్తాను, లోపల ఏముందో ఎవడికీ కనపడకుండా.

2022 మార్చిలో మా అమ్మాయి జ్యోత్స్న పేటెంటు దరఖాస్తు రాసింది. పాలిటెక్నిక్‌లో లెక్చరరు తను. ఆ బోర్డు గీయొద్దన్నాను. "అసలు కీలకం అదే కదా నాన్నా, అది లేకుండా ఎలా?" అంది. "నేను చెప్పింది గియ్యి. ఆ కాగితం రేపు ఊరంతా చూస్తుంది. చూసి చేసినవాడి మోటార్లు కాలాలి, జనం మళ్ళీ నా దగ్గరికే రావాలి" అన్నాను. బోర్డు ఉండేచోట నాలుగు స్క్రూ రంధ్రాలతో ఖాళీ గడి వదిలేసింది. మాకు తెలిసిన మంచి పద్ధతి అంతా ఇందులో ఉంది, ఏమీ దాచలేదు అని చివర్లో ఒక మాట ఉంది. దాని కింద సంతకం నాది. అమ్మాయిది కాదు. ఈ ముక్క స్పష్టంగా రాయమని కోరుతున్నాను.

పద్దెనిమిది నెలలకి ఆ కాగితాలు ఇంటర్నెట్లో పెట్టారు. 2024 నవంబరులో పేటెంటు చేతికొచ్చింది. ఈలోపే ఏలూరులో ఫణీంద్ర అనే ఆయన ఆ కాగితాలు చూసి బాక్సులు చేసి అమ్మడం మొదలెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా కేసు వెయ్యలేదు. వాటంతట అవే కాలతాయిలే అని కూర్చున్నాను.

ఆగస్టు 14, గురువారం, మధ్యాహ్నం మూడుంబావుకి ఫోనొచ్చింది. "కృపావరం గారాండీ? నా పేరు కనకరాజండీ. ముదినేపల్లి దగ్గర చేపల చెరువు మీద పని చేస్తానండీ. ఈ బాక్సులు చేసేది మీరేనని ఎవరో నెంబరిచ్చారండీ. మీ బాక్సు పెట్టినకాణ్ణించీ మోటార్లు కాలిన వాసనొస్తున్నాయండీ" అన్నాడు. మూత మీద ఏం రాసుందో చదవమన్నాను. చదివాడు. అది ఫణీంద్ర బాక్సు. నేను నవ్వానండి. "రోగం కుదిరింది. కొన్నచోటే అడగవయ్యా" అన్నాను. "అది కాదండీ, రెక్కలకి చుట్టుకున్న నాచు తీద్దామని దిగితే, ఇనుము తగిలి చెయ్యి జివ్వుమందండీ" అన్నాడు.

జివ్వుమందంటే ఏంటో వైండింగు చేసేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. లోపల తీగ మీద పూత కాలిపోయింది, కరెంటు ఇనుములోకి వస్తోంది. మెయిన్ ఆపి దిగు. అంతే చెప్పాలి. మూడే మాటలు. "అక్కడే అడుగు" అని పెట్టేశాను. పెట్టేముందు ఆయన "మంచిదండీ" అన్నాడు. ఒక నిమిషం నలభై సెకన్లు మాట్లాడినట్టు నా ఫోనులో ఉంది. మూడు మాటలకి ఎంతసేపండి?

ఆగస్టు 19, మంగళవారం, ముసురు. ఉదయం పదింటికి అక్కడ కరెంటు పోయింది. కరెంటు లేదు కదా అని కనకరాజు నాచు తియ్యడానికి దిగాడు. పది ఇరవైకి కరెంటొచ్చింది. బాక్సు తనే మోటార్లు వేసింది. ఆయన భార్య వెంకటనరసమ్మ గట్టు మీద మేత బస్తా విప్పుతోంది. "ఏవండీ" అని రెండుసార్లు పిలిస్తే పలకలేదట. చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయట.

ఆయన పోయిన మర్నాడు బాక్సు గుర్తుపట్టడానికి ఎస్సై గారు నన్ను పిలిపించారు. మూత తీశారు. నా ఖాళీ గడిని ఫణీంద్ర ఖాళీగానే ఉంచాడు. బోర్డు బిగించే నాలుగు స్క్రూ రంధ్రాలు కూడా ఉన్నాయి, బోర్డు లేదు. "ఇది మీదేనా?" అన్నారు. "నాది కాదండి" అన్నాను. అది నిజమే. బయటికొస్తుంటే వెంకటనరసమ్మ ఎదురొచ్చి, "మా ఆయన మీకు ఫోన్ చేశాడంట కదండీ, ఏం చెప్పారండీ?" అంది. లైను సరిగా లేదమ్మా అన్నాను. అది అబద్ధం.

మూత లోపల ఎన్నో బాక్సో పెయింటుతో నెంబరు వేసుంది. అరవై ఒకటి. ఆ రోజు నుంచీ కాయిలు చుడుతూ చుట్లు లెక్కపెడుతుంటే అరవై ఒకటి దగ్గర చెయ్యి ఆగిపోతోంది. అన్నం దగ్గర కూర్చున్నా అరవై ఒకటే.

నిన్న సాయంత్రం అమ్మాయికి ఫోను సంగతి చెప్పాను. "బోర్డు దాచామని ఒప్పుకుంటే పేటెంటు రద్దు చేసేస్తారు నాన్నా" అంది. తెలుసన్నాను. "నిన్నూ ఊరుకోరు" అంది. తెలుసన్నాను. పొద్దున్న ఇక్కడికి రావడానికి బండి తనే తీసింది.

అంతకుముందు చేసిన అరవై బాక్సులు, తరవాత చేసినవి ఉంటే అవీ, ఏ చెరువుల మీద ఉన్నాయో నాకు తెలియదు. ఫణీంద్ర ఫోను ఎత్తడం లేదు. వస్తుంటే దారి పొడుగునా ముసురే. చక్రాలు తిరుగుతున్నాయి, గట్ల మీద మనుషులున్నారు. మైకు ఆటో పెట్టి ఊరూరా చెప్పించండి. కరెంటు ఉన్నా, పోయినా, మెయిన్ ఆపకుండా ఎవరూ నీళ్ళలో దిగొద్దని. నన్ను ఏం చేసినా ఆ తరవాత.

పైన రాసిందంతా చదివి వినిపించారు. రెండోసారి కూడా చదివించుకున్నాను. నేను చెప్పినట్టే ఉంది. ఏమీ దాచలేదు అన్న కాగితం మీద ఇదివరకు ఒకసారి సంతకం పెట్టాను. ఈసారి నిజంగానే ఏమీ దాచలేదు.

సంతకం పెట్టబోతుంటే కోర్టులో కరెంటు పోయింది. పన్నెండు ఇరవైకి పోయి, పన్నెండు ఇరవై ఆరుకి వచ్చింది. ఇది కూడా రాయమన్నాను. మేడమ్, ముందు ఆ ఆటో పంపించండి.

(సం.) నేతల కృపావరం