వట్టి సంచి

టెక్కలి బస్టాండు. మిలటరీవాళ్ళ ఆసుపత్రికి వెళ్ళిన మాజీ హవల్దారు లూకా వట్టి సంచితో తిరిగొచ్చాడు. మోకాళ్ళ నొప్పితో బస్టాండులోనే ఉండిపోయిన పెళ్ళాం లిల్లీకి ఆ సంచి చూడగానే ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క కాల్షియం బిళ్ళ కూడా నేదేటి మావా?"

"నేదన్నాను కదే."

"ఏం, ఎందుకు నేదు?"

"కొత్త డాక్టరమ్మ ఆపీసింది. అంతే."

"అంతే ఏటి, అంతే! పాత డాక్టరు అడక్కుండానే రాసీవోడు. నడుం నొప్పంటే కాల్షియం, నీరసమంటే కాల్షియం, జలుబన్నా కాల్షియమే. మొగుడికో సంచీడు, పెళ్ళానికో సంచీడు. దేవుడిలాటోడు!"

"ఆడి పేరెత్తకు నా దగ్గర!"

"ఇదేటి?"

"ఏనాడైనా తలెత్తి మనిషి మొహం సూసేడా? ఒక్కపాలి రక్తం తీయించేడా? పీక పిసికీయాల ఆడ్ని!"

"ఇవ్వనిది ఈవిడైతే ఆయన మీద పడతావేటి?"

"బస్సొచ్చినట్టుంది. లెగు."

"అది కోటబొమ్మాళి బస్సు. మాట మార్సకు. మన సుబేదారు కామేశ్వరరావుగారికి బిళ్ళలిచ్చిందా, నేదా?"

"ఇచ్చింది."

"అదీ! ఆయనకిచ్చి నీకివ్వదా? మంచులో కాపలా కాసింది నువ్వు కాదేటి? పద, నానే అడుగుతాను!"

"కూసోయే."

"సెయ్యొదులు! కడిగీసి వస్తాను దాన్ని!"

"ఓలమ్మా, కూసో! నాకిత్తానంది. నానే వద్దన్నాను."

"ఇందాక ఆపీసిందన్నావు!"

"అన్నాను."

"మతిపోనాదేటి నీకు? నీ వాటా కూడా నానే మింగుతున్నానని తెలీదా? మోకాళ్ళు గట్టిపడతాయని రోజూ కంచం పక్కన పెట్టీది నువ్వే కదా!"

"పెట్టినాను. ఈ సేత్తోనే పెట్టినాను."

"మరెందుకు వద్దన్నావు?"

"పోయినసారి మనిద్దరికీ రక్తం తీసినారు కదే."

"తీస్తే? మన ఉద్దానంలో రక్తం తీయనిది ఎవులికి?"

"అందరికీ తీస్తారు."

"ఆ మొహమేటి అలాగున్నాది? మావా... కిడ్నీ పాడైనోళ్ళు ఆ బిళ్ళలు ఊరికే మింగకూడదంటారు. నీవి గానీ... సెప్పు. నీవి గానీ పాడైపోనాయా?"

"నావి బాగానే ఉన్నాయంట, లిల్లీ."